గోరుచుట్టు మీద రోకటి పోటు

ప్రశ్న: పొలం ఎండుముఖం పట్టిన రోజుల్లోనే మా బోరు మోటారు కాలిపోతే, మా నాయనమ్మ "గోరుచుట్టు మీద రోకటి పోటు" అన్నది. కష్టం మీద కష్టమని తెలిసింది కానీ, గోరుచుట్టుకూ రోకలికీ సంబంధమేమిటి? ‘రోకలి పోటు’ అనకుండా ‘రోకటి’ అని ఎందుకంటారు?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: గోరు మొదట్లో చర్మం వాచి, చీము పట్టి, రాత్రంతా నిద్ర పోనివ్వకుండా సలిపే పుండు గోరుచుట్టు. నల్లగొండ పల్లెల్లో ‘గోరుసుట్టు’ అంటారు. నిమ్మకాయ కొన కోసి, కొంత గుజ్జు తీసి, ఉప్పూ పసుపూ పెట్టి వేలికి తొడుక్కోవడం పెద్దలెరిగిన వైద్యం. అంట్లు తోమి, పేడ కలిపి, నాట్లు వేసి నీళ్లలో నానే చేతులకే ఇది ఎక్కువగా వస్తుంది. మీ మిర్యాలగూడలో ఇన్ని రైసు మిల్లులు లేని కాలంలో వడ్లు దంచవలసినవీ ఆ చేతులే. ఇద్దరు ఎదురెదురుగా నిలిచి దంచుతుంటే, ఇంకొకామె పోటుకూ పోటుకూ నడుమ చేయి పెట్టి, అంచుకు ఎగదన్నిన గింజలను రోట్లోకి తోసేది. రోకలి అడుగున పొన్ను అనే ఇనుపకట్టు ఉంటుంది. లయ ఒక్కసారి తప్పితే అది పడేది ఆ వేలి మీదనే.

వాకిలి ‘వాకిటి ముగ్గు’లో మారినట్టే రోకలి ‘రోకటి’ అయింది. ‘పొడుచు’ నుంచి వచ్చిన పోటుకు కత్తిపోటులో దెబ్బ అనీ, తలపోటులో నొప్పి అనీ అర్థం. ఈ సామెతలో దెబ్బ అనే చెప్పుకోవాలి గానీ, సలిపే వేలి పక్కన ఆ మాట వినగానే నొప్పి కూడా తోస్తుంది, అదే దీని అందం.

కాళిదాసు శాకుంతలం రెండో అంకంలో, రాజుగారి వేటతో విసిగిపోయిన విదూషకుడు, ఆయన శకుంతలను కూడా చూశాడని "గండస్యోపరి పిండకః", అంటే పుండు మీద కురుపు, అని వాపోతాడు. భావం దగ్గరిదే అయినా, రోటి దగ్గర కూర్చున్న మనిషి మన సామెతలోనే కనిపిస్తుంది.

పొద్దున బస్సు తప్పిపోయి, సాయంత్రం గొడుగు పోయినా కొందరు ఈ సామెతే వాడుతున్నారు. అది అతకదు, రెండో దెబ్బ మొదటి నొప్పి ఉన్న చోటే తగలాలి. మీ నాయనమ్మ సరిగ్గా అన్నది: ఎండుతున్న మడికి నీళ్లందించవలసిన మోటారే కదా కాలిపోయింది!