హ్యారీ పాటర్ తర్వాత ఏ ఫాంటసీ నవల చదవాలి?

హ్యారీ పాటర్ ఏడు పుస్తకాలూ అయిపోయాయి, లార్డ్ ఆఫ్ ద రింగ్స్ మొదలుపెట్టి వంద పేజీల దగ్గర ఆగిపోయాను, తెలుగు మీడియంలో చదివినవాణ్ని, ఇప్పుడు ఏది పట్టుకోవాలి అని అడిగారు. నేనూ తెలుగు మీడియమే. అదే పుస్తకం దగ్గర, ఇంచుమించు అదే చోట ఆగిపోయాను. అందుకే సూటిగా చెప్తాను: ఉర్సులా లె గ్విన్ రాసిన ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ చదవండి. 1968లో వచ్చిన నవల. సుమారు రెండు వందల పేజీలు, అంతే.

నాకది అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికింది, అట్ట చిరిగిన కాపీ. రోజూ ఆఫీసుకు వెళ్ళేటప్పుడు ఎంఎంటీఎస్ రైల్లో చదువుకుంటూ వారంలో పూర్తిచేశాను. ఇంగ్లీషు నవల ఒకటి చివరి పేజీ దాకా చదవడం నాకు అదే మొదటిసారి.

గాంట్ అనే దీవిలో మేకలు కాసుకునే కుర్రాడు గెడ్. మంత్రవిద్య నేర్చుకోవడానికి రోక్ దీవిలో ఉన్న బడికి వెళ్తాడు. తోటి విద్యార్థి చిన్నచూపు చూశాడన్న రోషంతో తన శక్తికి మించిన మంత్రం వేస్తాడు. దాంతో ఒక నీడ ఈ లోకంలోకి వచ్చిపడుతుంది. ఇక కథంతా వాడూ, ఆ నీడా. మనం చిన్నప్పుడు విన్న కథల్లో మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది, కథానాయకుడు వెళ్ళి దాని మెడ విరిచేస్తాడు. గెడ్ కూడా సముద్రాలు దాటతాడు, కానీ తాను వదిలిన దాని కోసమే.

ఆ లోకంలో ప్రతి మనిషికీ ఒక అసలు పేరు ఉంటుంది. అది తెలిసినవాళ్ళ గుప్పిట్లో ఆ మనిషి ఉన్నట్టే. కాబట్టి ఎవరూ బయటపెట్టరు, పైకి వేరే పేర్లతో పిలుచుకుంటారు. ముఖం మీద గాయం మచ్చలతో, చదువులో వెనకబడి, తన మీద తనకే నమ్మకం పోయిన గెడ్ దగ్గరికి వెచ్ అనే స్నేహితుడు వస్తాడు. చదువు పూర్తిచేసుకుని బడి వదిలి వెళ్ళిపోతున్నాడు. వెళ్ళేముందు తన అసలు పేరు గెడ్‌కి చెప్తాడు. నేను అక్కడ పుస్తకం మూసేసి చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాను. నేను ఇంటర్ ఫెయిలైన ఏడాది మా ఇంటికి వచ్చిన ఒకే ఒక్క ఫ్రెండు గుర్తొచ్చాడు. వాడూ ఓదార్చలేదు, వచ్చి పక్కన కూర్చున్నాడు.

భాష గురించి టెన్షన్ వద్దు. వాక్యాలు శుభ్రంగా ఉంటాయి, కానీ తొందరపడితే పట్టుకోలేం. ప్రతి మాటకీ డిక్షనరీ తీయకండి. ఒక పేజీ అర్థం కాకపోతే ఆగకుండా ముందుకు చదవండి, నాకు అలాగే అర్థమైంది. ఇది నచ్చితే రెండోది ‘ద టూంబ్స్ ఆఫ్ అటువాన్’. ఐదేళ్ళ పిల్లను ఇంట్లోంచి తీసుకెళ్ళి, పేరు లాగేసుకుని, చీకటి సమాధులకు పూజారిణిని చేస్తారు. గెడ్ అందులో చాలా ఆలస్యంగా వస్తాడు, అయినా నాకు మొదటిదానికంటే అదే ఎక్కువ ఇష్టం.

ఇంగ్లీషు ఇంకా సులువుగా ఉండాలంటే బ్రాండన్ శాండర్సన్ ‘మిస్ట్‌బార్న్’ (2006). ఆకాశం నుంచి బూడిద రాలే లోకం, లోహాలు మింగి వాటిని లోపల మండించుకుంటే శక్తులు వస్తాయి. తగరం మండిస్తే చూపు, వినికిడి పదునెక్కుతాయి. ఉక్కుతో లోహపు వస్తువుల్ని దూరంగా నెట్టొచ్చు. వేగంగా సాగిపోతుంది. మొదటి కథ మూడు పుస్తకాల్లో పూర్తవుతుంది కూడా.

ఈ పూర్తవడం గురించి ఒక మాట. చాలామంది ‘ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్’తో మొదలుపెట్టమంటారు. నేను ఒప్పుకోను. గొప్ప నవలే, కాదనను. కానీ ఆ సిరీస్‌లో మొదటిది 1996లో, ఐదోది 2011లో వచ్చాయి, ఆరోది ఇంకా రాలేదు. ప్యాట్రిక్ రోత్‌ఫస్ ‘ద నేమ్ ఆఫ్ ద విండ్’ నాకు ప్రాణం. దానికీ అంతే, రెండోది 2011లో వచ్చి ఆగిపోయింది. కొత్తగా చదవడం అలవాటు చేసుకుంటున్నవాళ్ళకి ఒక కథ పూర్తిగా దక్కాలి.

లార్డ్ ఆఫ్ ద రింగ్స్ రాసిన టోల్కీన్‌ను మాత్రం వదిలేయకండి. ముందు ‘ద హాబిట్’ చదవండి, 1937లో పిల్లల కోసం వచ్చిన పుస్తకం. తర్వాత మీరు ఆపినచోటికి తిరిగి వెళ్ళండి. ఎల్‌రాండ్ ఇంట్లో జరిగే ఆ పొడవాటి సమావేశం దాటితే మోరియా గనులు వస్తాయి. అక్కణ్నుంచి నేను పుస్తకం కింద పెట్టలేదు.

మధ్యలో తెలుగు చదవాలనిపిస్తే చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళు ఉన్నాయి: తోకచుక్క, రాకాసిలోయ, శిథిలాలయం. మా అమ్మ బైండు చేయించి దాచిన పాత సంచికల్లో చిత్రా గారి బొమ్మలతో చదివాను. లె గ్విన్ దీవుల్లోకి అడుగుపెట్టినప్పుడు నాకు కొత్త అనిపించకపోవడానికి కారణం అవేనని నా నమ్మకం.

రాబిన్ హాబ్ ‘అసాసిన్స్ అప్రెంటిస్’ (1995) గురించి కూడా ఒక మాట. చాలా మంచి నవల, కాస్త నెమ్మది. ఫిట్జ్ అనే ఆ పిల్లాణ్ని, వాడి కుక్కపిల్లను మాత్రం మనసు బాగోలేని రోజుల్లో చదవకండి.