గ్లాసులో ముప్పావు నురగేనా? ముందు పైపు చూడండి

అన్నా, ఇంట్లో కెగ్ (బీరు నింపే స్టీలు పీపా) నుంచి బీరు పడుతుంటే, గ్యాస్ ప్రెషర్ 12 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలిచే యూనిట్) పెట్టినా గ్లాసులో ముప్పావు వంతు నురగే వస్తోందన్నారు కదా. ప్రెషర్ మాత్రం తగ్గించకండి, నాలుగు రోజుల్లో బీరు చప్పబడిపోతుంది. ఫ్రిజ్‌లో 38 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటే 12 సరిగ్గానే ఉంది. తప్పంతా కెగ్ నుంచి కుళాయికి వెళ్లే ఆ నాలుగడుగుల పైపుది. లోపలి వ్యాసం 3/16 అంగుళాలున్నది పదడుగులు తెచ్చి, చుట్ట చుట్టి ఫ్రిజ్‌లో కెగ్ మీదే పెట్టండి. నాకూ మొదట్లో ఇదే గోల, పైపు మార్చాకే వదిలింది.

గ్యాస్ (కార్బన్ డయాక్సైడ్) సిలిండర్ వారానికే అయిపోతోందంటే ఎక్కడో లీకు. కెగ్ మూత చుట్టూ సబ్బునీళ్లు రాయండి. బుడగలొస్తే కెగ్‌లోని గ్యాస్ మొత్తం వదిలేశాకే మూత తీసి, ఓ-రింగ్ (మూతకుండే రబ్బరు రింగు) మార్చి, ఫుడ్ గ్రేడ్ గ్రీజు పూయండి. తర్వాత ఒక్కసారి 30 పీఎస్‌ఐ ఇస్తే మూత గట్టిగా కూర్చుంటుంది, మళ్లీ 12కి దించండి.

కెగ్ ఖాళీ అయినప్పుడల్లా డిప్ ట్యూబ్ (కెగ్ అడుగు నుంచి బీరును పైకి తెచ్చే గొట్టం) కూడా విప్పి కడగండి. నాది మొదటిసారి విప్పితే లోపల హాప్స్ (బీరుకు చేదునిచ్చే పువ్వులు) పిప్పి, పాచి కంపు!