మొదటి ప్రైమరీ ఓటు వేయబోతున్న అమ్మాయికి

అమ్మడూ,

అమెరికా పౌరసత్వం వచ్చాక నీకిదే మొదటి ప్రైమరీ, అంటే నవంబరు పోటీకి పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక. అభ్యర్థులు నలుగురూ ఒకే పాట పాడుతున్నారు, ఎవరిని నమ్మాలో తెలియట్లేదని అడిగావు. ప్రైమరీ అంటేనే అంత. నవంబరులో అయితే పార్టీల మధ్య తేడా కళ్ళకు కడుతుంది. ఇక్కడ అందరిదీ ఒకే పార్టీ, అడిగేది ఒకే ఓటర్లని, అందుకే హామీలు అచ్చుగుద్దినట్టు ఉంటాయి. ఏం చెప్పారన్నది కాసేపు పక్కన పెట్టు. చెప్పిన మాట తమకే బరువైన రోజున ఏం చేశారో వెతుకు. అది చాలావరకు కాగితాల మీద దొరుకుతుంది.

ముందుగా, ఆ పని ఆ పదవి చేతిలో ఉందా అని చూడు. ఉగాదికి గుడికొచ్చి, కండువా కప్పించుకుని, గ్రీన్‌కార్డు బ్యాక్‌లాగ్ తీర్చేస్తానన్న మనిషి టెక్సస్ శాసనసభకి పోటీ చేస్తూ ఉండొచ్చు. గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం అన్న పరిమితిని మార్చాల్సింది వాషింగ్టన్‌లోని కాంగ్రెస్, అంటే హౌస్, సెనేట్ అనే రెండు సభల పార్లమెంటు. తెలియక అన్నా తప్పే, తెలిసి అన్నా తప్పే.

పోటీ కాంగ్రెస్‌కే అయితే, ఏ బిల్లు అని నంబరుతో సహా అడుగు. "మీకు అండగా ఉంటాను", "పోరాడతాను" అన్నవి లెక్కలోకి రావు. ఇప్పటికే పదవిలో ఉన్నవాళ్ళయితే కాంగ్రెస్ డాట్ గవ్‌లో వాళ్ళ పేరు కొట్టి, ఏ బిల్లుకి ఏ తేదీన కోస్పాన్సర్‌గా, అంటే మద్దతుగా సంతకం పెట్టినవాళ్ళుగా, చేరారో చూడు. బిల్లు పెట్టిన వారంలో చేరడం వేరు, ప్రైమరీకి నెల ముందు చేరడం వేరు. అసలు కోస్పాన్సర్ సంతకం చాలా చవక. ఉద్యోగాల గ్రీన్‌కార్డుల్లో ఆ 7 శాతం పరిమితిని ఎత్తేసే మన బిల్లు సంగతే తీసుకో. 2019 జూలైలో హెచ్‌ఆర్ 1044 హౌస్‌లో 365-65తో నెగ్గింది. 2020 డిసెంబరులో సెనేట్ వేరే రూపంలో ఇంకొకటి ఆమోదించింది. రెండింటినీ కలిపేలోపే, జనవరి 3న ఆ కాంగ్రెస్ గడువు ముగిసిపోయింది. 2022 డిసెంబరులో అదే కోవకి చెందిన ఈగిల్ యాక్ట్ హౌస్‌లో ఓటింగ్ దాకా రాకుండానే ఆగింది. కాబట్టి "నేను ఓటేశాను" అన్నవాళ్ళని, ఈగిల్ యాక్ట్ ఆగిన ఆ డిసెంబరులో ఏం చేశారని అడగాలి. సొంత పార్టీ నాయకత్వం బిల్లును తొక్కిపెట్టినప్పుడు, దాన్ని బయటికి లాగడానికి 218 సంతకాల డిశ్చార్జ్ పిటిషన్ అనే దారి ఉంది. అందులో పేరు రాస్తే నాయకుల కోపం మీద పడుతుంది. అలాంటి సంతకం పది ప్రసంగాల పెట్టు.

నెగ్గదని తెలిసిన ఓటుకీ, నెగ్గేలా ఉన్న ఓటుకీ తేడా చూడడం నేర్చుకో. ఒబామాకేర్ (ఒబామా తెచ్చిన ఆరోగ్య బీమా చట్టం) రద్దు బిల్లుకి 2015లో రిపబ్లికన్ సెనేటర్లు దాదాపు అందరూ ఓటేశారు. అధ్యక్షుడు వీటో చేస్తాడని అందరికీ తెలుసు. 2017 జూలైలో సంతకం పెట్టే అధ్యక్షుడు ఉన్నప్పుడు ఇంచుమించు అదే బిల్లు వస్తే, అంతకుముందు అవునన్న ఆరుగురు కాదన్నారు. రద్దు మంచిదా చెడ్డదా అన్నది నీ ఇష్టం. నేను చూడమంటున్నది ఆ రెండు తేదీల మధ్య మారినదాన్ని. ఏ పార్టీ వాళ్ళకైనా ఇదే తూకం వెయ్యి.

ఇక డబ్బు. ఇక్కడ తొందరపడకు, ఒక సాయంత్రం కేటాయించు. ఎఫ్‌ఈసీ (ఫెడరల్ ఎన్నికల కమిషన్) వెబ్‌సైట్‌లో కాంగ్రెస్ అభ్యర్థుల జమాఖర్చులన్నీ ఉంటాయి. ఒక మనిషి ఒక అభ్యర్థికి ఒక ఎన్నికకి ఇవ్వగలిగింది 2025-26లో 3,500 డాలర్లు. ప్రైమరీ ఒక ఎన్నిక, నవంబరు ఇంకో ఎన్నిక. మొత్తం 200 డాలర్లు దాటి ఇచ్చినవాళ్ళ పేరు, ఊరు, ఉద్యోగం, యజమాని కనిపిస్తాయి. ఊళ్ళవారీగా పేర్చి, ఎంత భాగం మీ నియోజకవర్గానిది, ఎంత బయటిది అని చూడు. ఎవరి మీద కేకలేస్తున్నారో ఆ పరిశ్రమ వాళ్ళే చందాల జాబితాలో వరసగా ఉంటే, నీకు కావలసిన జవాబు అక్కడే ఉంది.

రెండు చోట్ల మోసపోతారు చాలామంది. "కార్పొరేట్ ప్యాక్ డబ్బు ముట్టను" అని కొత్త అభ్యర్థి ఒట్టేస్తే పెద్దగా పొంగిపోకు. ఆ ప్యాక్‌లు, అంటే కంపెనీలు నడిపే చందా కమిటీలు, సాధారణంగా కొత్తవాళ్ళకి ఇవ్వవు, వదులుకున్నది ఏమీ లేదు. పదవిలో ఉన్నవాళ్ళు అదే మాట అని నిలబెట్టుకుంటే దానికి విలువ ఉంది. అప్పుడు కూడా వాళ్ళ తరఫున సూపర్ ప్యాక్ (హద్దు లేకుండా ఖర్చు పెట్టే విడి కమిటీ) ఎంత కుమ్మరిస్తోందో విడిగా వెతకాలి. రెండోది, సొంత డబ్బు. "నా జేబులోంచి పెట్టాను" అంటే అది విరాళమా, అప్పా అని చూడు. అప్పు అయితే గెలిచాక దాతల డబ్బుతో తీర్చుకోవచ్చు. అలా తీర్చుకోవడానికి ఉన్న రెండున్నర లక్షల డాలర్ల హద్దును 2022లో సుప్రీంకోర్టు కొట్టేసింది.

పదవి చేయనివాళ్ళకి ఓట్ల చరిత్ర ఉండదు కదా అంటావు. స్కూల్ బోర్డులోనో సిటీ కౌన్సిల్‌లోనో ఉండి ఉంటే మినిట్స్, అంటే సమావేశాల రికార్డులు, ఉంటాయి. మొదటినుంచీ ఈ పార్టీవాళ్ళమే అంటే, టెక్సస్‌లో ఎవరు ఏ పార్టీ ప్రైమరీలో ఓటేశారన్నది పబ్లిక్ రికార్డే, కౌంటీ ఎన్నికల ఆఫీసులో అడగొచ్చు. పాత వెబ్‌పేజీలు దాచే వేబ్యాక్ మెషీన్ సైట్‌లో వాళ్ళ వెబ్‌సైట్ పాత రూపం తెరిచి, ఇప్పటి పేజీ పక్కన పెట్టి చదువు. ఏ వాక్యం మాయమైందో చూడు.

మాట మార్చినవాళ్ళందరినీ దొంగలనుకోకు. గాలి ఎదురుగా ఉన్నప్పుడు మారి, ఎందుకు మారారో నోరు విప్పి చెప్పినవాళ్ళు నిజాయితీపరులే. సర్వే వచ్చిన మర్నాడు చప్పుడు లేకుండా మారినవాళ్ళ సంగతి వేరు. అలాగే మన సంఘం పెద్దలతో దిగిన ఫొటో చూసి ఓటెయ్యకు. ఆ ఫొటో నలుగురు అభ్యర్థులకీ ఉంటుంది.

టౌన్‌హాల్‌కి వెళ్తే ఒకే ఒక్క ప్రశ్న తీసుకెళ్ళు: "మీ నాయకత్వం ఈ బిల్లును ఆపేస్తే ఏం చేస్తారు?" జవాబులో ఒక పని పేరు వినపడిందా లేదా, అదే రాసుకో.

మీ టెక్సస్‌లో ప్రైమరీ మార్చి మొదటి మంగళవారం. ఓటరు నమోదు 30 రోజుల ముందే అయిపోవాలి. పార్టీ నమోదు ఉండదు కానీ, మార్చిలో ఒక పార్టీ బ్యాలెట్ తీసుకుంటే మే నెల రన్నాఫ్‌లో, అంటే మొదటి ఇద్దరి మధ్య మళ్ళీ జరిగే ఎన్నికలో, రెండో పార్టీకి ఓటెయ్యలేవు. సగానికి మించి ఎవరికీ రాకపోతేనే రన్నాఫ్, కాబట్టి నీ రెండో ఎంపికెవరో కూడా ముందే అనుకో. బ్యాలెట్ చాంతాడంత ఉంటుంది, జడ్జీల దగ్గరనుంచి. పోలింగ్ గదిలో ఫోను వాడనివ్వరు. పేర్లు కాగితం మీద రాసి తీసుకెళ్ళు.

ఆశీస్సులతో,
పెదనాన్న