నాన్నతో మాటల్లేని కొడుకు కథ: నమ్మబుద్ధేసే తమిళ సినిమా ఏదైనా ఉందా?

మీరు అడిగింది తండ్రీ కొడుకులకు పొసగని ఇంటి కథ, తమిళంలో. దానికి తోడు ఒక షరతు: "చివర్లో కొడుకు పెద్ద స్పీచ్ ఇవ్వగానే తండ్రి కళ్లు తుడుచుకుని మారిపోయే రకం వద్దు." ఈ షరతు పెట్టాక జాబితా బాగా చిక్కిపోతుంది. నేనైతే ‘తిరుచిత్రంబలం’ చూడమంటాను. 2022 ఆగస్టులో వచ్చింది, తెలుగులో ‘తిరు’ పేరుతో డబ్ అయింది. ధనుష్ కొడుకు, ప్రకాష్ రాజ్ తండ్రి, భారతీరాజా తాత. దర్శకుడు మిత్రన్ జవహర్.

చాలామంది దీన్ని నిత్యా మేనన్ సినిమాగా గుర్తుపెట్టుకున్నారు. అందులో తప్పు లేదు. శోభన పాత్రకి ఆమెకు జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది, ఆ ఏడాది మానసి పరేఖ్‌తో కలిపి ఇచ్చారు. మరికొందరికి ‘మేఘం కరుక్కాదా’ పాట, అందులోని స్టెప్పులు గుర్తుంటాయి. నాకు మాత్రం ఆ ముగ్గురు మగాళ్ల ఇల్లే గుర్తుండిపోయింది. ఎందుకో చెప్పాలంటే మా ఇంటి సంగతి కూడా కొంచెం చెప్పాలి.

ముందు కథ క్లుప్తంగా. హీరోది తాత పేరే, తిరుచిత్రంబలం. ఇంట్లో, వీధిలో అందరూ పళం అని పిలుస్తారు, మన పండు లాగా. ఫుడ్ డెలివరీ చేస్తుంటాడు. తండ్రి నీలకంఠన్ పోలీస్ ఇన్‌స్పెక్టర్, ముక్కు మీద కోపం. పళం తల్లి, చెల్లి ఒక ప్రమాదంలో పోయారు. దానికి కారణం తండ్రేనని కొడుకు మనసులో పడిపోయింది. అప్పటినుంచి ఏళ్ల తరబడి ఒకే కప్పు కింద ఉంటూ తండ్రితో మాట్లాడడు. తండ్రి అరుస్తాడు, కొడుకు బదులివ్వడు. మధ్యలో తాత నలుగుతుంటాడు. అదే అపార్ట్‌మెంట్లో ఉండే శోభన చిన్నప్పటి స్నేహితురాలు. ఇక ప్రేమలు, తిరస్కారాలు, మిగతా గొడవలు. అవన్నీ మీరే చూడండి.

సినిమాల్లో మాటల్లేని ఇల్లంటే నిశ్శబ్దంగా, బరువుగా, వెనక వయొలిన్‌తో చూపిస్తారు. నిజానికి అలాంటి ఇంట్లో మాటలు ఎక్కువే ఉంటాయి, కాకపోతే అన్నీ మూడో మనిషి మీదుగా వెళతాయి. మా నాన్నది తెనాలిలో మోటార్ వైండింగ్ షాపు. ఒక స్నేహితుడి చిట్టీకి జామీను సంతకం పెట్టారు, ఆయన చేతులెత్తేశాడు. చెల్లి పెళ్లికని ఉంచిన స్థలం అమ్మాల్సి వచ్చింది. ఆ సంగతి రిజిస్ట్రేషన్ అయిపోయాక, అదీ ఒక బంధువు నోట నాకు తెలిసింది. అడిగితే "నీకు చెప్పి చెయ్యాలా" అన్నారు. ఆ తర్వాత మా ఇద్దరి మధ్యా మాటల్లేవు.

లేవంటే ఇలా. నాన్న హాల్లో ఫ్యాను కింద పేపరు చదువుతుంటారు. నేను నాలుగడుగుల దూరంలో షూస్ వేసుకుంటుంటాను. అమ్మ వంటింటి గుమ్మంలో.

"వాడు కరెంటు బిల్లు కట్టాడేమో అడుగు."

"కట్టావట్రా?"

"కట్టానని చెప్పు."

"కట్టాడట."

"రసీదు ఎక్కడ పెట్టాడో అడుగు."

అమ్మకి ఒక్కోసారి విసుగొచ్చి, "మీ ఇద్దరికీ చెవులు పనిచేస్తున్నాయిగా" అని గరిటె చేతిలో ఉండగానే లోపలికి వెళ్లిపోయేది. అప్పుడు రసీదు టీవీ పక్కన పెట్టి నేను వెళ్లిపోయేవాణ్ని. ఎవరికీ చెప్పకుండా, ఎవరికో చెప్పినట్టు. చెల్లి పురుడుకి అమ్మ వెళ్లినప్పుడైతే ఇద్దరం గోడకి చెప్పడం మొదలుపెట్టాం. "వంకాయలు తెచ్చాను, పాడైపోతాయి" అని ఆయన తలుపువైపు చూసి అనేవారు. "రాత్రికి చేస్తే సరిపోతుంది" అని నేను ఫ్రిజ్‌కి చెప్పేవాణ్ని.

ఈ సినిమాలో భారతీరాజా చేసే పని మా ఇంట్లో అమ్మది. దర్శకుడు దాన్ని తాతకి ఇవ్వడంలో ఒక తెలివి ఉంది. ఆ తాత నీలకంఠన్‌కి తండ్రి. అంటే ఆ ఇంట్లో తండ్రీ కొడుకుల జతలు రెండు. మనవడితో కూర్చుని మందు తాగి నవ్వే ముసలాయన, సొంత కొడుకు దగ్గరికొచ్చేసరికి మాట జాగ్రత్తగా వాడతాడు. ఒక తరం దాటితే ప్రేమ తేలిక. మనవణ్ని పెంచే పూచీ తాతకి ఉండదు కాబట్టి స్నేహం కుదురుతుంది. మా తాత నాతో పేకాడేవారు, నాన్నని మాత్రం ఎప్పుడూ పక్కన కూర్చోమన్న గుర్తు లేదు. భారతీరాజా నటన గురించి వేరే చెప్పక్కర్లేదు. మనవాళ్లకి ఆయన ‘సీతాకోకచిలుక’ తీసిన దర్శకుడుగానే ఎక్కువ తెలుసు, కానీ ఈ పాత్రలో కెమెరా ముందున్నట్టే అనిపించడు.

ఇక ప్రకాష్ రాజ్. తెలుగువాళ్లకి ఆయన పేరు చెబితే తండ్రి పాత్రల్లో ముందు గుర్తొచ్చేది ‘బొమ్మరిల్లు’. 2006లో వచ్చిన ఆ సినిమాని తమిళంలో ‘సంతోష్ సుబ్రమణియం’గా 2008లో తీసినప్పుడు కూడా తండ్రి ఆయనే. అందులో సమస్య తండ్రి అతి ప్రేమ, చొక్కా రంగు దగ్గర్నుంచి ఆయనే ఎంచిపెట్టడం. దానికి మందు కొడుకు నోరు విప్పడం. సినిమాగా గొప్పది, నేను కాదనను. కానీ మన ఇళ్లల్లో అంతసేపు ఆపకుండా మాట్లాడే అవకాశం ఏ కొడుక్కి ఇస్తారండీ? రెండో వాక్యానికే "నోర్మూసుకో" వస్తుంది, లేదా అమ్మ ఏడుపు మొదలుపెడుతుంది. ‘తిరుచిత్రంబలం’లో అదే నటుడు, కానీ ఈ తండ్రి కొడుకు జీవితాన్ని నడపాలనుకోడు. తప్పు చేశానని లోపల తెలిసిన మనిషి, దాన్ని ఒప్పుకోలేక గొంతు పెంచే మనిషి. ఆ తేడా ఆయన కళ్లలో కనిపిస్తుంది. యూనిఫాం వేసుకున్నప్పుడు ఒకలా, ఇంట్లో లుంగీలో ఒకలా.

కథ మలుపు తిరిగేది తండ్రికి పక్షవాతం వచ్చినప్పుడు. ఇక్కడే నా స్నేహితుడొకడు గట్టిగా వాదించాడు: "ఇది మోసంరా. అప్పటిదాకా పలకరించనివాణ్ని పలకరించడానికి మంచాన పడాల్సిందేనా? రచయితకి దారి దొరక్క రోగం తెచ్చాడు." సగం ఒప్పుకుంటాను. రోగం తేవడం దగ్గరి దారే. కానీ తెచ్చాక ఏం చూపించాడన్నది నాకు ముఖ్యం. పడిపోయిన తండ్రి ఒంటి పనులన్నీ కొడుకు మీద పడతాయి. క్షమించాడా లేదా అని తేల్చుకునే తీరిక అతనికి దొరకదు. ముందు మనిషిని లేపాలి, కూర్చోబెట్టాలి. కోపం అలాగే ఉంటుంది, చేతులు మాత్రం పని చేసుకుపోతుంటాయి.

ఇది నాకు కొత్త కాదు. మా నాన్నకి స్ట్రోక్ వచ్చి కుడిచేయి పడిపోయింది. వైండింగ్ పని చేసే మనిషికి కుడిచేయంటే ఏమిటో మీకు తెలుసు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఫిజియోథెరపీ అబ్బాయి వచ్చేవాడు, తిండి అమ్మ చూసుకునేది. మిగిలింది గడ్డం. మంగలిని ఇంటికి పిలుద్దామంటే ఆయన ఒప్పుకోలేదు, ఈ అవతారంలో నన్నెవరూ చూడొద్దని. అమ్మ చేయి వణుకుతుంది. నేను స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. ఆయన వాడే పాత సేఫ్టీ రేజర్, గిన్నెలో వేడినీళ్లు, బ్రష్. ఇంకొకరి గడ్డం గీయడం ఎంత కష్టమో చేసేదాకా తెలీదు. పక్షవాతం వచ్చిన వైపు చెంప జారిపోయి ఉంటుంది, వేలితో చర్మం లాగి పట్టుకోకపోతే బ్లేడు దిగుతుంది. నాన్న మొహాన్ని అంత దగ్గరగా నేను చూడటం అదే మొదలు. గవదకింద ఒక పాత మచ్చ ఉంది, అదెలా వచ్చిందో నాకు తెలీదు. ఆయన కళ్లు మూసుకుని ఉన్నారు. పై పెదవి దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారిగా తెరిచి, ముద్దముద్దగా, "మీసం జోలికి రాకు" అన్నారు. అమ్మకి చెప్పలేదు, గోడకి చెప్పలేదు, నాకే చెప్పారు.

"సరే" అన్నాను. అంతే. మర్నాడు పొద్దున మళ్లీ "వాడు టిఫిన్ చేశాడా" అని అమ్మనే అడిగారు. ఇప్పుడు మాట్లాడుకుంటాం, పని మాటలు, క్రికెట్ మాటలు. స్థలం సంగతి మా మధ్య రాలేదు. రాదు కూడా.

అందుకే ఈ సినిమాలో ఆ భాగం చూస్తుంటే నటన చూస్తున్నట్టు అనిపించలేదు. ధనుష్ మొహంలో జాలి కంటే చిరాకు ఎక్కువ కనిపిస్తుంది, అదే నిజం. మంచాన పడ్డవాళ్లకి చేసేటప్పుడు దైవత్వం ఏమీ కనిపించదండీ. నడుం నొప్పి, నిద్రలేమి, మందుల టైం. ఆ చిరాకులోంచి ఎప్పుడో ఒక మాట దొర్లుతుంది.

లోపాలు లేవని కాదు. మొదట భయస్తుడుగా చూపించిన హీరో చేత చివరికి ఫైట్ చేయించారు, ధనుష్ అభిమానులకి బాకీ తీర్చినట్టుంది. రాశీ ఖన్నా, ప్రియా భవానీ శంకర్‌ల ప్రేమకథలు రెండూ ముందే తెలిసిపోతాయి. నాకు ఇంకో అసంతృప్తి ఏమిటంటే, గొడవకి కారణం మరీ పెద్దది. తల్లీ చెల్లీ పోవడమంటే ఎవరైనా అర్థం చేసుకుంటారు. మన ఇళ్లల్లో కారణాలు ఇంత పెద్దవి ఉండవు. ఒక సంతకం, నలుగురిలో అన్న ఒక మాట, పెళ్లిలో ఎవరి పక్కన కూర్చున్నావన్న లెక్క. అవే పదేళ్లు నడుస్తాయి. అంత చిన్న కారణంతో సినిమా తీస్తే నిర్మాత ఒప్పుకోడేమో.

దర్శకుడి గురించి తెలుగువాళ్లకి ఒక ముచ్చట. మిత్రన్ జవహర్ అంతకుముందు ధనుష్‌తో తీసిన మూడు సినిమాలూ మన కథలే. ‘ఆడవారి మాటలకు అర్థాలే వేరులే’ని ‘యారడి నీ మోహిని’గా, ‘ఆర్య’ని ‘కుట్టి’గా, ‘రెడీ’ని ‘ఉత్తమ పుత్తిరన్’గా తీశాడు. మొదటి దాంట్లో పనీపాటా లేని కొడుకుని తిడుతూనే కడుపులో పెట్టుకునే తండ్రిగా మన దగ్గర కోట శ్రీనివాసరావు చేస్తే, అక్కడ రఘువరన్ చేశారు. సినిమా విడుదలకి కొద్దిరోజుల ముందే, 2008 మార్చిలో, రఘువరన్ చనిపోయారు. థియేటర్లో ఆ తండ్రిని చూసిన తమిళవాళ్లకి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. అప్పటినుంచే ఈ దర్శకుడికి తండ్రీ కొడుకుల మీద ఒక కన్ను ఉన్నట్టుంది. ‘తిరుచిత్రంబలం’లో ఆ సంగతి తీరిగ్గా చెప్పుకున్నాడు.

ఇది నచ్చితే ఇంకో రెండు. ‘రఘువరన్ బీటెక్’గా మనకి డబ్ అయిన ‘వేలైయిల్లా పట్టదారి’లో సముద్రఖని తండ్రి, ధనుష్ కొడుకు. ఇంట్లో తల్లి పోయాక ఆ ఇద్దరు మగాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోక తప్పని పరిస్థితి చిన్నచిన్న సీన్లలో బాగుంటుంది, రెండో సగంలో సిమెంటు, కాంట్రాక్టుల గోల భరించగలిగితే. ఇంకొకటి 2006లో వచ్చిన ‘ఎం మగన్’. నాజర్ కిరాణా కొట్టు యజమాని, భరత్ కొడుకు. వయసొచ్చిన కొడుకుని వీధిలో కొట్టే తండ్రి. మొదటి సగం నవ్విస్తుంది, ఆ నవ్వు కింద ఉన్న భయం చిన్నప్పుడు బెల్టు దెబ్బలు తిన్నవాళ్లకి ఇట్టే తెలుస్తుంది. ‘క్షత్రియ పుత్రుడు’ని ఎలాగూ అందరూ చెబుతారు. శివాజీ, కమల్ ఎదురుబొదురుగా ఉన్న సీన్లు మళ్లీ మళ్లీ చూడొచ్చు, కానీ అది ఊరి పెద్దల, పగల కథ. మీరడిగిన మధ్యతరగతి ఇల్లు అందులో ఉండదు.

చూసే పద్ధతి కూడా చెబుతాను. తమిళం కొంచెమైనా వస్తే, లేదా సబ్‌టైటిల్స్ అలవాటుంటే తమిళంలోనే చూడండి, సన్ నెక్స్ట్‌లో ఉంది. తాత మాటల్లో వెటకారం తమిళంలో వింటేనే రుచి. పిల్లలతో చూసేటట్టయితే తాగే సీన్లు చాలానే ఉన్నాయని గుర్తుంచుకోండి. మీ నాన్నగారితో కలిసి చూడాలనుకుంటున్నారేమో, ఆ పని మాత్రం చెయ్యొద్దు. ఇద్దరూ బిగుసుకుపోయి కూర్చుంటారు, పక్షవాతం సీన్ రాగానే ఒకరు నీళ్ల కోసం లేస్తారు. ఒక్కరే చూడండి, ఆయన్ని తర్వాత విడిగా చూడనివ్వండి. సినిమా ఎలా ఉందో ఎలాగూ మీ అమ్మగారి ద్వారా తెలుస్తుంది.