కలెక్షన్‌కి తిరిగేవాళ్లే అప్పు చేసి ఎరువుల షాపు పెడతానంటే ఎలా?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లా. నా వయసు 29. బీఎస్సీ బీజడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) చదివాను. ఐదేళ్లుగా ఒక పురుగుమందుల కంపెనీలో ఫీల్డ్ ఆఫీసర్‌గా చేస్తున్నాను. జీతం 26 వేలు, ఇంటి ఖర్చు 21 వేలు. భార్య, రెండేళ్ల పాప, అమ్మ నా మీదే ఆధారపడి ఉన్నారు. చేతిలో 2 లక్షలున్నాయి. జూన్‌కల్లా ఉద్యోగం మానేసి విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల షాపు పెట్టాలనుకుంటున్నాను. మొత్తం 14 లక్షలు కావాలి. నా 2 లక్షలు పోను బంగారం మీద 4 లక్షలు, పర్సనల్ లోన్ 3 లక్షలు (ఈఎంఐ 8,500), బంధువుల దగ్గర రెండు రూపాయల వడ్డీకి 5 లక్షలు తెస్తాను. ఏడాదికి 40 లక్షల వ్యాపారం, 12 శాతం మార్జిన్ వస్తుందని అంచనా. షాపు రూముకు 60 వేలు అడ్వాన్స్ ఇచ్చేశాను, అందుకోసం అమ్మ గొలుసు తాకట్టు పెట్టాను. ఎరువులు, మందుల డీలర్లకు ఇచ్చే దేశీ (డీఏఈఎస్ఐ) డిప్లొమా చేస్తే లైసెన్స్ తేలిగ్గా వస్తుందా? వ్యవసాయ సేవల యూనిట్ పెట్టుకునేవాళ్లకు కేంద్రం ఇచ్చే అగ్రి క్లినిక్ పథకంలో 36 శాతం సబ్సిడీ వస్తుందట, నిజమేనా? లేక అగ్రి బిజినెస్ ఎంబీఏ చేయడం మంచిదా?

జవాబు: చదువు గురించి మూడు ప్రశ్నలు అడిగారు. డబ్బు గురించి ఒక్కటీ అడగలేదు. మీ ఉత్తరంలో ప్రమాదమంతా డబ్బు దగ్గరే ఉంది. మీలాంటి ఉత్తరాలు ప్రతి ఖరీఫ్ ముందూ వస్తుంటాయి. కంపెనీ ఉద్యోగంలో నాలుగేళ్లు తిరిగి, రైతులు పేరు పెట్టి పిలిచే స్థాయికి వచ్చాక, డీలర్లు బాగా సంపాదిస్తున్నారనిపించి షాపు వైపు చూసేవాళ్లే ఎక్కువ. అందుకే ఈ జవాబు కాస్త కటువుగా ఉంటుంది.

చదువు సంగతి ముందు తేల్చేద్దాం. పురుగుమందుల రిటైల్ లైసెన్స్‌కు కెమిస్ట్రీ, బోటనీ, జువాలజీ ఉన్న సైన్స్ డిగ్రీ సరిపోతుంది, అది మీకుంది. ఎరువులకైతే అగ్రికల్చర్ లేదా కెమిస్ట్రీ బీఎస్సీ గానీ, సమగ్ర పోషక యాజమాన్యంపై 15 రోజుల సర్టిఫికెట్ కోర్సు గానీ అడుగుతారు. మీ మార్కుల మెమో పట్టుకుని మండల వ్యవసాయ అధికారిని కలవండి. బీజడ్‌సీ చాలదంటే ఆ 15 రోజుల కోర్సు చేస్తే సరి. ఇక దేశీ డిప్లొమా మంచి కోర్సే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ వ్యవసాయ విస్తరణ యాజమాన్య సంస్థ (మేనేజ్) 2003లో ఇన్‌పుట్ డీలర్ల కోసమే, అంటే విత్తనాలు, ఎరువులు, మందులు అమ్మేవాళ్ల కోసమే మొదలుపెట్టింది. ఏడాది పాటు వారానికి ఒకరోజు క్లాసులు, మధ్యలో పొలాల సందర్శనలు ఉంటాయి. షాపు నడుపుతూనే చదవచ్చు, దీనికోసం ఉద్యోగం మానక్కర్లేదు, అప్పు అసలే అక్కర్లేదు. ఏ మందు ఏ పురుగుకో, ఎంత మోతాదో తెలిసిన డీలర్‌కూ, కంపెనీ స్కీమ్ చూసి డబ్బా చేతిలో పెట్టే డీలర్‌కూ తేడాని రైతులు రెండు సీజన్లలో పసిగడతారు.

అగ్రి క్లినిక్ పథకాన్ని మీ లెక్కలోంచి తీసేయండి. అది ప్రధానంగా వ్యవసాయం, అనుబంధ కోర్సులు చదివినవాళ్లకు. బీజడ్‌సీ ఒక్కదానితో అర్హత రాదు. వచ్చినా ఆ 36 శాతం మొదటిరోజే చేతికిచ్చే డబ్బు కాదు, బ్యాంకు లోన్‌కు ముడిపెట్టి చివర్లో సర్దుబాటు చేసేది. సబ్సిడీని పెట్టుబడిగా రాసుకోవడం నేను చాలామందిలో చూస్తున్న పొరపాటు.

ఇప్పుడు మీ లెక్క మీకే చూపిస్తాను. రెండు రూపాయల వడ్డీకి 5 లక్షలంటే నెలకు 10 వేలు. పర్సనల్ లోన్ ఈఎంఐ 8,500. బంగారం మీద 4 లక్షలకు బ్యాంకులో పది శాతమే అనుకున్నా నెలకు 3,300. మొత్తం 21,800. ఇంటి ఖర్చు 21 వేలు కలిపితే 42,800. షాపు అద్దె 6 వేలు, కుర్రాడికి 9 వేలు అనుకోండి. నెలకు 57,800, ఏడాదికి 6 లక్షల 93 వేల పైమాటే. ఇందులో బంధువుల అసలు, బంగారం అసలు ఒక్క రూపాయి కూడా తీరదు.

రాబడి? మీరు చెప్పిన 40 లక్షలూ మొదటి ఏడాదే అమ్ముడయ్యాయనుకుందాం, అదీ రొక్కానికే. 12 శాతం చొప్పున 4 లక్షల 80 వేలు. అంటే అన్నీ మీరనుకున్నట్టే జరిగినా ఏడాదికి 2 లక్షల 13 వేలు తక్కువ. దాచుకున్న 2 లక్షలను ఆ లోటుకు వాడదామంటే అవీ సరుకులోకి వెళ్లిపోయాయి!

పైగా ఆ 12 శాతం అన్నిటి మీదా రాదు. యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు. దాని మీద మార్జిన్ ప్రభుత్వం నిర్ణయించేది, బస్తాకు ఇరవై రూపాయలు కూడా ఉండదు. అందులోంచి హమాలీ, కిరాయి పోవాలి. యూరియా కోసం వచ్చే జనాన్ని చూసి వ్యాపారం బాగుందనుకుంటారు గానీ, లాభమంతా మందుల్లో, విత్తనాల్లోనే. అవేమో అప్పు మీద వెళ్లే సరుకు.

మీకు తెలియనిది కాదు. ఐదేళ్లుగా మీ ఉద్యోగంలో సగం డీలర్ల దగ్గర బాకీల కలెక్షనే కదా. నెలాఖరుకు ఫోన్ ఎత్తని డీలర్లు, సంక్రాంతికి అన్నవాళ్లు ఉగాదికి వాయిదా వేయడం, మిర్చి యార్డుకు పోతేగానీ చేతికి డబ్బు రాదనడం, అన్నీ మీరు ఎదురుగా కూర్చుని విన్నవే. ఆ డీలర్లు మొండివాళ్లు కాబట్టి ఇవ్వడం లేదా? రైతు దగ్గర ఇరుక్కుంది కాబట్టి ఇవ్వలేకపోతున్నారు. జూన్‌లో మీరు అదే కుర్చీలో కూర్చోబోతున్నారు. తేడా ఏంటంటే మీ వెనక రెండు రూపాయల వడ్డీ ఉంటుంది.

మీ ప్రాంతంలో పత్తి డబ్బు సంక్రాంతి చుట్టుపక్కల వస్తుంది, మిర్చి డబ్బు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వస్తుంది. మీ ఈఎంఐ జులైలోనే మొదలవుతుంది. మధ్యలో ఎనిమిది నెలలు ఇంట్లో బియ్యం, పాపకు జ్వరం, అమ్మ మందులు ఎక్కడినుంచి? గల్లా పెట్టెలోంచి తీస్తారు. అంటే కంపెనీకి కట్టాల్సిన డబ్బు తింటారు. తర్వాత సీజన్‌కు ఆ కంపెనీ సరుకు ఆపేస్తుంది. సరుకు లేక, మీరు అప్పిచ్చిన రైతులే పక్క షాపుకు పోతారు, పాత బాకీ అడిగితే మొహం చాటేస్తారు. నేను చూసిన మూతపడ్డ షాపుల్లో చాలావరకు వ్యాపారం లేక మూతపడినవి కావు. ఇంటి ఖర్చుకు వేరే డబ్బు లేక మూతపడ్డాయి.

కాబట్టి నా మాట ఒక్కటే. ఏడాది ఇంటి ఖర్చు, అంటే 2 లక్షల 52 వేలు, షాపుతో సంబంధం లేని చోట పక్కన పెట్టే దాకా ఉద్యోగం మానొద్దు. మామూలు ఉద్యోగికి ఆరు నెలలు చాలంటాను. మీ లైన్‌లో డబ్బు నెలనెలా కాదు, పంట పంటకూ వస్తుంది. ఒక పంట పోతే రెండోదాని దాకా ఆగాలి. 2021లో నల్ల తామర పురుగు మిర్చి తోటలను ఊడ్చేసినప్పుడు మీరు ఫీల్డ్‌లోనే ఉన్నారు. రైతులు కొట్టని మందు లేదు, అదంతా ఎవరి ఖాతాల్లో బాకీగా మిగిలిందో మీకే బాగా తెలుసు. పంట బాగా వచ్చినా ధర పడిపోవచ్చు. 2025 ఫిబ్రవరిలో మిర్చికి, ధర పడిపోయినప్పుడు ప్రభుత్వం ఆదుకునే మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించాల్సిన పరిస్థితి వచ్చింది. అలాంటి ఏడాది ఏ డీలర్‌కి బాకీలు పూర్తిగా వసూలవుతాయి?

పక్కన పెట్టే ఈ ఏడాది ఇంటి ఖర్చు నిధి వేరే బ్యాంకులో, ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉండాలి. షాపు కరెంట్ ఖాతా ఉన్న బ్యాంకులో వద్దు. చీటీలో వద్దు. బావమరిదికి చేబదులుగా అసలే వద్దు. "షాపులో పది లక్షల సరుకుంది కదా సార్" అని కొందరంటారు. గడువు దగ్గరపడిన మందు డబ్బాలను ఆసుపత్రి బిల్లు కింద ఎవరూ తీసుకోరు. ఇప్పుడు మీకు నెలకు మిగిలేది 5 వేలు, చేతిలో 2 లక్షలు. అంటే 52 వేలే తక్కువ, పది పదకొండు నెలల్లో నిండుతుంది. సీజన్ ఇన్సెంటివ్ వస్తే ఇంకా ముందే. షాపు పెట్టకుండా ఉద్యోగంలోనే ఉన్నా ఈ నిధి కావాలి. వానలు పడని ఏడాది టార్గెట్లు, ఇన్సెంటివ్‌లు, ఒక్కోసారి టెరిటరీలే (మీకు అప్పగించిన ప్రాంతాలే) ఎత్తేస్తారు.

రెండు రూపాయల వడ్డీ గురించి మర్యాదగా చెప్పలేను. 12 శాతం మార్జిన్ వ్యాపారంలో 24 శాతం వడ్డీ డబ్బు పెట్టడం వ్యాపారం కాదు. సరుకు ఏడాదికి మూడుసార్లు తిరుగుతుందంటారేమో. రొక్కానికి అమ్మితే తిరుగుతుంది, అప్పుకు అమ్మితే ఒక్కసారి తిరగడమే గగనం. రైతుల దగ్గర 2 లక్షలు మునిగితే ఆ నష్టం పూడ్చుకోవడానికి దాదాపు 17 లక్షల సరుకు అదనంగా అమ్మాలి. బంధువుల దగ్గరే కదా అన్న ధీమా కూడా వద్దు, పెళ్లిళ్లలో ఎదురుపడాల్సిన మనుషులు వాళ్లు. ఇంకో మాట. డిస్ట్రిబ్యూటర్లు సెక్యూరిటీగా సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు అడుగుతారు. ఇచ్చాక చెక్ బౌన్స్ కేసు పడితే రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా పడవచ్చు. అలవాటేలే అని సంతకాలు పెట్టేయకండి. నలుగురి సరుకు అప్పుకు తెచ్చే బదులు ఒకరిద్దరి సరుకు రొక్కానికి తెచ్చి క్యాష్ డిస్కౌంట్ తీసుకోండి.

మీ పేరు మీద కోటి రూపాయల టర్మ్ (జీవిత బీమా) పాలసీ, ఇంటిల్లిపాదికీ హెల్త్ పాలసీ ఈ నెలలోనే తీసుకోండి, షాపు పెట్టినా పెట్టకపోయినా. అమ్మగారికి వేరేగా తీసుకుంటేనే మంచిది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియంపై జీఎస్టీ కూడా లేదు. షాపు తెరిచిన రోజున సరుకుకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ, అంటే చిన్న వ్యాపారాల ఆస్తి బీమా ఉండాలి. బ్యాంకు లోన్ అయితే బ్యాంకువాళ్లే బలవంతంగా చేయిస్తారు, బంధువుల డబ్బుకు అడిగేవాళ్లు ఉండరు. 2024 సెప్టెంబర్ వరదల్లో విజయవాడలో షాపుల సరుకు ఎలా పోయిందో చూశాం.

ఎంబీఏ: ఉద్యోగంలో పైకి వెళ్లాలనుంటే పనికొస్తుంది. మేనేజ్‌లో అగ్రి బిజినెస్ పీజీ డిప్లొమా ఉంది, క్యాట్ రాయాలి, మీ డిగ్రీకి అర్హత ఉందో లేదో ముందు కనుక్కోండి. ఫీజుకు లోన్ తీసుకుని పేరు తెలియని కాలేజీలో చేసేకన్నా మీ ఐదేళ్ల అనుభవంతో సేల్స్ ఆఫీసర్, టెరిటరీ మేనేజర్ పోస్టులకు ప్రయత్నించడం నయం. మన గ్రోమోర్ లాంటి కంపెనీ రిటైల్ కేంద్రాల్లో చేరితే షాపు నడపడం వాళ్ల డబ్బుతో నేర్చుకోవచ్చు.

నిధి నిండాక కూడా షాపే అంటే, 14 లక్షలతో కాదు, 5 లక్షలతో చిన్నగా. విత్తనాలు, మందులతో మొదలుపెట్టండి. రొక్కం కస్టమర్లే ముఖ్యం. తప్పనిసరైతే ఒక్కో రైతుకు ఎకరాకు ఇంత అని అప్పు గీత గీసుకోండి. పెట్టుబడి చాలకపోతే బ్యాంకు సీసీ (క్యాష్ క్రెడిట్ లోన్) ఒక్కటే.

ఇక ఆ 60 వేల అడ్వాన్స్. ఓనర్‌తో ఈ వారమే మాట్లాడండి. వేరే వాళ్లకు అద్దెకిచ్చి మీది తిరిగిస్తానంటే సరే. పది, పదిహేను వేలు కోసుకుంటానన్నా ఒప్పుకోండి. మొత్తం పోయినా షాపు తెరవడానికి అదో కారణం కాదు. అడ్వాన్స్ పోతుందని 14 లక్షలు దించేవాళ్లను చూస్తూనే ఉన్నాను. తిరిగొచ్చిన డబ్బుతో ముందు గొలుసు విడిపించండి, చాలకపోతే మిగతాది జీతంలోంచి రెండు మూడు నెలల్లో కట్టేయండి. నిధి లెక్క ఆ తర్వాత మొదలవుతుంది.