స్పైడర్‌మ్యాన్ స్టాన్ లీ సృష్టి కదా, మరి ఈ స్టీవ్ డిట్కో ఎవరు?

స్టాన్ లీ రచయిత. స్పైడర్‌మ్యాన్ ఎలా ఉండాలో, గోడకు ఎలా అతుక్కోవాలో, గాలిలో ఎలా వంగాలో తేల్చిన బొమ్మల మనిషి స్టీవ్ డిట్కో. పిల్లల పత్రికలకు బొమ్మలు వేసి బతికేవాణ్ణి కాబట్టి నా జవాబు కాస్త గీతల వైపే మొగ్గుతుంది.

కాలేజీ రోజుల్లో ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అట్ట ఊడిపోయిన, డిట్కో వేసిన స్పైడర్‌మ్యాన్ కామిక్ సంపుటి ఒకటి దొరికింది. అప్పటికి నాకు చేతులు వేయడం చేతకాదు. నా బొమ్మల్లో అందరూ చేతులు జేబులో పెట్టుకునో, వెనక్కి కట్టుకునో నిలబడేవారు. ఈ పుస్తకంలో హీరో ముఖమంతా ముసుగే, కళ్ళ దగ్గర కూడా తెల్లటి ఖాళీలే. అయినా అతను ఎప్పుడు భయపడ్డాడో, ఎప్పుడు నీరసించాడో ఇట్టే తెలిసిపోతోంది. ఎలాగా అని వెతికితే, అదంతా వేళ్ళలో ఉంది. సాలెదారం వదిలేటప్పుడు నడిమి రెండు వేళ్ళూ మడిచి అరచేతిలోని మీట నొక్కుతాడు, చూపుడువేలూ చిటికెనవేలూ నిటారుగా ఉంటాయి. కూచిపూడి నేర్చుకుంటున్న మా చెల్లెలు చూసి, "సింహముఖ ముద్ర పట్టబోయి బొటనవేలు వదిలేశాడన్నయ్యా" అంది.

1963లో డిట్కో డాక్టర్ స్ట్రేంజ్‌ను తెచ్చాడు. కారు ప్రమాదంలో చేతులు దెబ్బతిని, ఇక ఆపరేషన్లు చేయలేని సర్జన్ మాంత్రికుడవుతాడు. అతని మంత్రాల్లో చేతి ముద్రలదే పెద్ద పాత్ర. పోగొట్టుకున్న చేతులతోనే మళ్ళీ పని చేయించడం డిట్కోకే తట్టాలి.

ఆయన 1927లో పెన్సిల్వేనియాలోని జాన్స్‌టౌన్‌లో పుట్టాడు. న్యూయార్క్‌లో బ్యాట్‌మ్యాన్ చిత్రకారుడు జెర్రీ రాబిన్సన్ దగ్గర చదువుకున్నాడు. స్పైడర్‌మ్యాన్‌ను ముందు వేసింది జాక్ కిర్బీ. కుర్రాడు మరీ వీరుడిలా వచ్చాడని ఆ పేజీలు పక్కన పెట్టి లీ పనిని డిట్కోకు ఇచ్చాడు. ఈయన బక్కపలుచని, కళ్ళజోడు పెట్టుకున్న పీటర్ పార్కర్‌ను, అంటే ముసుగు వెనకాలి కుర్రాణ్ణి, వేశాడు. 1962లో మొదటి కథ వచ్చింది.

ఒక్క సంచికే చదవగలిగితే 1966 ఫిబ్రవరి నాటి స్పైడర్‌మ్యాన్ 33వ సంచిక చదవండి. పీటర్ మీద కొండంత యంత్రం పడి ఉంటుంది. తనను పెంచిన మే పిన్నిని బతికించే మందు డబ్బా కళ్ళెదుటే, చేతికి అందనంత దూరంలో ఉంటుంది. పైనుంచి నీళ్ళు కారుతుంటాయి. ఒకసారి ఎత్తబోతాడు, కాదు. మళ్ళీ ప్రయత్నిస్తాడు. అతని పట్టుదలతో పాటు పేజీలోని బొమ్మల గడులూ పెద్దవవుతాయి. చివరికి యంత్రం లేచినప్పుడు పేజీ మొత్తం ఒక్కటే బొమ్మ. ఆ పేజీని నేను ఎన్నిసార్లు చూసి వేశానో లెక్కలేదు. భుజాలు కుదిరేవి, బరువు మాత్రం వచ్చేది కాదు.

అదే ఏడాది 38వ సంచికతో ఆయన స్పైడర్‌మ్యాన్‌ను వదిలేశాడు. ఆ తరువాత ఇంటర్వ్యూలు దాదాపు లేవు. 1999లో లీ ఒక బహిరంగ లేఖలో డిట్కోను సహసృష్టికర్తగా 'పరిగణిస్తున్నాను' అని రాస్తే, ఆ మాట మీదే డిట్కో అభ్యంతరం చెప్పాడు: పరిగణించడం వేరు, అవునని ఒప్పుకోవడం వేరు. మొండితనమే కావచ్చు, నాకు మాత్రం సబబుగానే తోచింది. పై సంగతి తెలిసిన మా ఎడిటరు ఒకాయన, "పేరు కోసం ఇంత పట్టింపా" అన్నాడు. బొమ్మ కింద పేరు వేయడం మరిచిపోయే అలవాటు ఆయనకూ ఉంది లెండి.

తరువాత డిట్కో వేసిన వాటిలో 'క్వశ్చన్' అనే పాత్ర బాగుంటుంది. 'మిస్టర్ ఏ' అనే పాత్ర మాత్రం నీతిబోధ ఎక్కువై బొమ్మలను కూడా తొక్కేసింది. డిట్కో 2018లో న్యూయార్క్‌లో, 90 ఏళ్ళ వయసులో చనిపోయాడు. 2002 నాటి స్పైడర్‌మ్యాన్ సినిమాలో మూలకథకు లీ పేరు పక్కన ఆయన పేరూ కనిపిస్తుంది.

33వ సంచిక దొరికితే మొదటిసారి మాటలు చదవకుండా, చేతులు మాత్రం చూస్తూ తిప్పండి.