గంటస్తంభం దగ్గర ‘గంట మాత్రమే’ బోర్డు గురించి

అన్నా, విజయనగరం గంటస్తంభం దగ్గర మీ బట్టల షాపు ముందు పొద్దున పెట్టిన బళ్లు రాత్రికి గానీ కదలట్లేదు, ‘గంట మాత్రమే’ అని బోర్డు పెట్టేయొచ్చా అని అడిగారు కదా. సొంతంగా పెడితే ఎవరూ లెక్కచేయరు. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 117 ప్రకారం ఎక్కడ ఎంతసేపు బండి ఆపొచ్చో తేల్చేది రాష్ట్ర ప్రభుత్వం లేదా అది అధికారమిచ్చినవాళ్లు, అదీ స్థానిక సంస్థను సంప్రదించి. అందుకే వ్యాపారులంతా కలిసి కార్పొరేషన్‌కీ, ట్రాఫిక్ పోలీసులకీ అర్జీ ఇవ్వండి.

దానికి ముందు ఒక రోజంతా అరగంటకోసారి బళ్ల నంబర్లలో చివరి నాలుగంకెలు రాసుకోండి. సగం మీ షాపుల కుర్రాళ్లవే అని తేలినా ఆశ్చర్యపోకండి (మా వీధిలో అదే అయింది, నా బండి కూడా అందులో ఉంది!). వాళ్లకి వేరే చోటు చూపించకుండా టైం పెడితే గంటకోసారి బండి అటూ ఇటూ జరుపుతారు, అంతే.

అయినా గంట అంటే నష్టం మీకే, పెళ్లి చీరలకొచ్చినవాళ్లు గంటలో లేస్తారా? మీ వైపు రెండు గంటలు, మందుల షాపు ముందు అరగంట అడగండి. పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ లెక్క వేరు, ఆ జనంలో అప్పుడు రోడ్డే మనది కాదు. ఆ నంబర్ల కాగితం మాత్రం అర్జీకి జతచేయడం మర్చిపోకండి.